గీతలు గీసిన చెయ్యి

ఆ శనివారం పొద్దున కూడా మార్సెలిన్ గిన్నెడు కాఫీలో రొట్టె ముంచుకు తిని, మీసాలు తుడుచుకుంటూ షెడ్డులోకి వెళ్లాడు. అక్కగారింట్లో పదిహేను రోజులుండి ముందురోజే తిరిగొచ్చాడు. తెల్లారితే పాత సైకిళ్లవాళ్లంతా రిపబ్లిక్ అనే కొండ కనుమ ఎక్కే రోజు. నలభై ఏళ్ల కిందట తన సైకిళ్ల షాపులో చేత్తో కట్టిన నీలం సైకిలుకు నూనె వేద్దామని గుడ్డ తొలగించాడు.

బండి నీలంగానే ఉంది, కొత్తగా మెరుస్తోంది. గొట్టాల వెంట, మడ్‌గార్డుల అంచుల వెంట వెంట్రుకంత సన్నగా సాగే బంగారు గీతలు మాత్రం లేవు.

సైకిలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆ బండి ముందు మోకాళ్లమీద కూర్చునేవారు. కాళ్లూ చేతులూ కొలిచి కట్టిన ఫ్రేము. క్యారియర్ కూడా బజారులో కొన్నది కాదు, ఈ బండికోసమే వంచి అతికించింది. దీపం తీగ గొట్టంలోంచే పోతుంది, ఎక్కడా కంటపడదు. అన్నీ చూసి చివరికి గీతల దగ్గర ఆగిపోయి, మార్సెలిన్ చెయ్యి పట్టుకుని మెచ్చుకునేవారు. పాత రంగు గీకేసిన బండి వాళ్ల దృష్టిలో ముక్కు చెక్కేసిన విగ్రహమే.

షెడ్డు రెండో తాళంచెవి కొడుకు రెమీ దగ్గర ఉంది. వాణ్ణి పిలిచి నోటికొచ్చినట్టు తిట్టాడు. రెమీ తలొంచుకుని అన్నీ పడ్డాడు. చివరికి వంటింట్లోంచి భార్య నోయెలీ వచ్చింది.

"వాణ్ణేం అనకు. రంగు వేయించమంది నేనే."

"నీకేమైనా మతిపోయిందా నోయెలీ? అవి నీ గీతలు కదా."

"నావని నీకు తెలుసు. ఇంకెవరికి తెలుసు?"

మార్సెలిన్ బోడి గొట్టం మీద వేలు పెట్టి రాశాడు.

"పెళ్లయిన నెల నుంచీ నీ షాపులోని ప్రతి బండికీ ఊపిరి బిగబట్టి గీశాను. వీడు కడుపులో ఉన్నప్పుడు పీట మీద కూర్చుని గీశాను. వాళ్లు నిన్ను మెచ్చుకుంటుంటే, నా పేరు చెబుతావేమోనని గుమ్మంలోనే నిలబడేదాన్ని. ఒక్కనాడూ చెప్పలేదు. సరే, బండి నీకుంచాను. నావి నేను తీసుకున్నాను."

'ఎవరూ అడగలేదుగా' అనబోయాడు. ఆ మాట తన చెవికే సిగ్గుగా తోచి పీట మీద కూలబడ్డాడు. కళ్లనీళ్లు ఆగలేదు. మళ్లీ గీయవా అని మెల్లగా అడిగాడు. కళ్లు ఆనడం లేదు, ఇంక గీయలేనంది ఆవిడ.

ఆదివారం ఆ బోడి సైకిలే తొక్కుకుంటూ కనుమ ఎక్కాడు. నోయెలీ, రెమీ తిండి సామాను పట్టుకుని కార్లో వచ్చారు. పైకి చేరాడో లేదో జనం మూగారు. గీతలేవీ, ఇంత పాపం ఎవరు చేశారని ఒకటే గోల.

మార్సెలిన్ టోపీ తీశాడు. "పాపం నాది. ఆ గీతలు గీసింది మా ఆవిడ. ఇన్నేళ్లూ నావన్నట్టు నోరు మూసుకున్నాను. అదిగో, కారు దగ్గర రొట్టె కోస్తోంది."

అందరూ అటు నడిచారు. కత్తి చేతిలో ఉండగానే నోయెలీ బిత్తరపోయి నిలబడింది. ముందున్న పెద్దాయన టోపీ తీసి, "పేరేమిటమ్మా?" అని అడిగాడు.

"నోయెలీ," అంది.

వెనకున్నవాళ్లకు వినబడలేదు. ఏడుస్తూనే మళ్లీ చెప్పింది, ఈసారి గట్టిగా.