గాలాడని బకెట్టు

మాట్రోనా పొద్దున్నే టీ కూడా తాగకుండా అట్టపెట్టెకి టేపు చుడుతోంది. నది మీద పొగమంచు ఇంకా వీడలేదు. అది వీడితేనే టపా విమానం దిగేది. పెద్దకూతురు ఎఫీ నెలలు నిండి యాంకరేజ్ పట్నంలో గర్భిణుల వసతి గృహంలో ఉంది. "నోరు చచ్చిపోయిందమ్మా, మన తిండి పంపు" అని ఫోనులో ఏడ్చింది.

చిన్నకూతురు అనీసియా పెట్టె ఎత్తబోయింది. లోపల ఏదో తడిగా కదిలింది.

"ఇందులో ఏముందమ్మా?"

"మాగబెట్టిన సాల్మన్ చేప తలకాయలు. అక్కకి ప్రాణం కదా."

"ఎందులో మాగబెట్టావ్?"

"బకెట్టులో. మూత బిగించి పొయ్యి పక్కన పెట్టా. నీకెందుకే?"

అనీసియా కత్తి తీసి టేపును సర్రున కోసింది.

"ఒళ్ళు కొవ్వెక్కిందా?"

"ఇది ఈ గడప దాటదు."

"నా చేతి తిండి విషమంటావా? నర్సమ్మలు నూరిపోశారా?"

"నర్సమ్మలెందుకు? అమ్మమ్మ గుంట తవ్వి గడ్డి పరిచేది. ఆ గడ్డి కోసుకొచ్చింది నేనే. గాలాడేది, చల్లగా ఉండేది. నీ ప్లాస్టిక్ బకెట్టులో గాలేదీ? వసీలి బాబాయి తిన్నదీ బకెట్టు తిండేగా!"

మాట్రోనా మొహం తిప్పుకుంది. ఆ రోజు వసీలి కనురెప్పలు వాలిపోయాయి, మాట ముద్దైపోయింది. ఆసుపత్రికని విమానంలో వెళ్ళినవాడు పెట్టెలో శవమై తిరిగొచ్చాడు.

"నేను వాసన చూశాను. బాగానే ఉంది."

"గాలాడనిచోట పుట్టే ఆ విషానికి వాసనుండదమ్మా! సరే, ముందు నేనే తింటా. చూస్తూ కూర్చో."

అనీసియా ఒక తలకాయ తీసి నోటి దాకా తెచ్చింది. మాట్రోనా చెయ్యి విసురుగా లేచింది. తలకాయ ఎగిరి గోడకి కొట్టుకుంది.

అనీసియా తల్లి వైపు తిరిగింది.

"నేను తింటే వద్దు. అక్క తింటే, కడుపులో బిడ్డ తింటే సరేనా?"

మాట్రోనా నేల మీద కూలబడింది. "పోయినసారి పంపిన చేప కంపు కొడుతోందని అక్కడివాళ్ళు ముక్కులు మూసుకున్నారట. ఎఫీ సిగ్గుతో చెత్తలో పడేసింది. అందుకేనే... వాసన బయటికి పోకుండా మూత బిగించా."

అనీసియాకి ఒళ్ళు మండిపోయింది, ఈసారి తల్లి మీద కాదు. "వాళ్ళ ముక్కుల కోసం మన పిల్లని చంపుకుంటామా? ఎవడికి భయపడాలి మనం?"

మాట్రోనా చొక్కా చేతులతో కళ్ళు తుడుచుకుంది. బకెట్టులో మిగిలినవీ, పెట్టెలోవీ కుక్కలకి అందనంత లోతుగా తనే పూడ్చి, చేతులు వేడినీళ్ళతో రుద్ది కడుక్కుంది. తర్వాత ఇద్దరూ పొగగుడిసెలోకి వెళ్ళి ఎండుచేపలు ఏరారు. బాగా ఎండి, వంచితే పుటుక్కున విరిగినవి కొత్త పెట్టెలోకి, ఇంకా తడి ఆరక వంగినవి ఇంట్లో వండుకునే కుండలోకి. ప్లాస్టిక్ జోలికి పోలేదు. కాగితంలో చుట్టి కట్టారు.

పోస్టాఫీసులో డోరా పెట్టెను తూకంలో పెడుతూ ముక్కు చిట్లించింది. "లోపలేంటి వదినా, వాసన దంచేస్తోంది?"

మాట్రోనా తలెత్తింది.

"చేప. మా చేప. పట్నం ముక్కులకి పడకపోతే కిటికీలు తెరుచుకోమను. మా పిల్లకీ కాస్త గాలి తగులుతుంది."