కలపమంటావా, బాబాయ్?

తెనాలిలో పురుషోత్తం వంట అంటే పెళ్ళికొడుకు కంటే ముందు చుట్టాలు ఆకుల దగ్గర చేరేవాళ్ళు. గొప్పలు కాదండీ. వీధి చివర పులుసు మరుగుతుంటే, ఇంట్లో వాలుకుర్చీలో పడుకుని ఉప్పు చాలలేదని చెప్పినవాణ్ణి. అంగలకుదురులో ఒక ముసలాయన నా పనసపొట్టు కూర తిని, పక్షవాతంతో పడిపోయిన చేత్తోనే మళ్ళీ కలుపుకున్నాడు. చూసినవాళ్ళు ఇంకా బతికే ఉన్నారు.

ఇంత విద్యా నాతోనే పోకూడదని 2006లో కంప్యూటర్ కొన్నాను. మా అన్నయ్య కూతురు అపర్ణ బాపట్లలో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. బుర్రలో ఉన్నదాన్ని బొమ్మలా గీసిపెట్టే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయంటూ కొన్ని తెచ్చి చూపించింది. ఒకటి చెట్టులా కొమ్మలు వేసింది. చింతపండు పులుసులోనూ ఉంటుంది, పులిహోరలోనూ ఉంటుంది. ఒకే కాయ రెండు కొమ్మలకు ఎలా కాస్తుంది? తీసి అవతల పెట్టమన్నాను. ఇంకోటి క్యారియర్ గిన్నెల్లా ఒకదాని మీద ఒకటి పేర్చింది. అదీ వద్దన్నాను. చివరికి ఒకటి నచ్చింది. అందులో ప్రతి మాటా ఒక గుండ్రం. గుండ్రానికీ గుండ్రానికీ మధ్య ఒక గీత. 'చింతపండు' మీద నొక్కితే అది మధ్యకు వచ్చి కూర్చుంటుంది, దాని చుట్టాలంతా చుట్టూ చేరతారు.

తెనాలి ఇంట్లో ఒక కంప్యూటరు, బాపట్లలో అపర్ణ దగ్గర ఒకటి, రేపల్లెలో నా వంటపాత్రలు దాచుకునే గదిలో ఒకటి. ఆ రేపల్లెది ఎవరో వాడి అమ్మేసిన పాతది. ఎక్కడుంటే అక్కడ నా విద్య ఎక్కించడం, పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని వెళ్ళి మరోదాంట్లో దించడం, అదీ పద్ధతి.

ఆ శ్రావణంలో బాపట్లలో పెద్ద పెళ్ళి ఒప్పుకున్నాను. దానికి రెండ్రోజుల ముందు అపర్ణ నా పెన్‌డ్రైవ్ పెట్టి చూసి ఆగింది.

"రేపల్లెదీ మారింది, ఇక్కడిదీ మారింది. ఏది ఉంచాలని అడుగుతోంది. లేకపోతే రెండూ కలపమంటావా, బాబాయ్?"

"కలపకపోతే రుచి ఎలా తెలుస్తుందే? అన్నం ఒక పక్క, పప్పు ఒక పక్క పెట్టుకుని చూస్తూ కూర్చుంటామా?"

"అది కాదు, ఒకసారి చూసుకో. నువ్వు రాయనివేవో ఉన్నట్టున్నాయి."

"ఆ గది తాళంచెవి నా మొలతాడుకు ఉంటే ఇంకెవరు రాస్తారే? కలుపు!"

కలిపింది. తెచ్చి తెనాలిలోనూ దించాను.

మర్నాడు పొద్దున మా ఆవిడ కనకలక్ష్మి ఉప్మా పెట్టింది. మొదటి ముద్ద నోట్లో పెట్టానో లేదో... పాచిపోయిన అన్నం. తూ! ఉమ్మేశాను. రెండో ముద్దలో వెంట్రుక. వేలు పెట్టి నోరంతా వెతికాను. వేలికి ఏమీ తగల్లేదు. నాలుకకు తగులుతోంది. తడిగా, పొడుగ్గా, గొంతులోకి జారుతూ. కాఫీ తాగాను. ఆ వెంట్రుక కొసకు ఏదో అంటుకుని ఉంది. మెత్తటి తోలు ముక్క.

"ఏంటండీ, నా ఉప్మా అంత గొప్పగా ఉందా?" అంది కనకలక్ష్మి.

కంప్యూటర్ తెరిచాను. 'రుచి' నుంచి కొత్త గీత ఒకటి. పాచిపోయిన అన్నం. దాన్నుంచి, అన్నంలో నీళ్ళు. నీళ్ళలో వెంట్రుక. వెంట్రుకకు తోలు. తోలు కింద... తీపి.

చదువుతుండగానే నోట్లో ఆ తీపి ఊరింది. కడుపులో ఉన్నదంతా కీబోర్డు మీద కక్కేశాను.

ఫోన్ చేస్తే అపర్ణ ఒక్కటే చెప్పింది. "మూడింటిలోనూ తీసేయాలి బాబాయ్. ఒక్కదాంట్లో మిగిలినా మళ్ళీ వచ్చి చేరుతుంది. ఇక్కడిది నేను చూస్తా."

తెల్లారితే పెళ్ళి. నాలుక చెడిన వంటవాణ్ణి ఆకులు వేసేవాడు కూడా లెక్కచేయడు. తెనాలిలో తీసేసి, నా పాత్రలు మోసే టెంపో డ్రైవర్ బర్నబాస్‌తో వానలో రేపల్లె వెళ్ళాను.

మధ్యాహ్నమే అయినా మబ్బుకు గదంతా చీకటి. తలుపు తీయగానే కంపు మొహాన కొట్టింది. తోమి బోర్లించి వెళ్ళిన గంగాళాలు వెల్లకిలా ఉన్నాయి. అడుగున తెల్లగా, జిగురుగా ఏదో కదులుతోంది.

"ఎలక చచ్చుంటుందిరా."

"ఎలక కాదు గురువుగారూ," బర్నబాస్ ముక్కు మూసుకుని గుసగుసలాడాడు. "ఎలక కంపు ఇంత తియ్యగా ఉండదండి."

కంప్యూటర్ ఆన్ చేశాను. 'తీపి' మధ్యలో కూర్చుని ఉంది. చూస్తుండగానే దాన్నుంచి ఒక గీత బయల్దేరింది. మెల్లగా... మెల్లగా... కొసన ఒక గుండ్రం. అందులో ఒక్కో అక్షరం.

పురుషోత్తం నాలుక.

"మీరేం ముట్టుకోలేదుగా?" అన్నాడు బర్నబాస్.

సింహాల్ని చూసి నవ్వే గుండె నాది. అయినా మొదటిసారి తప్పు మీట నొక్కాను. తీసేయమని నొక్కాను. దీంతో కలిసినవన్నీ తీసేయాలా అని అడిగింది. "అన్నీ!" అని అరిచి మళ్ళీ నొక్కాను. ఒక్కో గుండ్రమూ ఆరిపోయింది. నా నాలుక అన్నిటికంటే ఆఖరున.

నోరు శుభ్రపడింది. బయటికొచ్చి గోలీసోడా తాగాను. చురుక్కుమంది. అంతే. ఉప్పు లేదు, తీపి లేదు. ఏదీ లేదు.

పెళ్ళి వంట ఉత్త ముక్కుతో చేశాను. భూమ్మీద ఇంకెవడూ చేయలేడు. మొదటి బంతి కూర్చుంది. అందరూ తలలు వంచుకుని తింటున్నారు. బూరెలు ఎవరూ ముట్టలేదు. పులుసే కావాలంటున్నారు.

"ఇంత తీపి ఎలా వచ్చిందండీ?" అన్నాడొకాయన తల ఎత్తకుండా.

నేను అందులో బెల్లం వేయలేదు. పరిగెత్తుకెళ్ళి గరిటెడు నోట్లో పోసుకున్నాను. ఏ రుచీ లేదు. అందులో ఏముందో నాకు తెలియదు. నాకు... తెలియదు.

బంతి చివర అపర్ణ కూర్చుంది.

"లేమ్మా, తినకు. నీ కంప్యూటర్లో తీసేశావా?" అన్నాను.

"ఇంకా ఉందా, బాబాయ్?" అంది మెల్లగా.

అపర్ణ పెదవి మూల నుంచి తడి వెంట్రుక ఒకటి వేలాడుతోంది. మెల్లగా లోపలికి పీల్చుకుంటోంది. దాన్ని పట్టి లాగాను.

బిగుసుకుంది. రెండో కొస పక్కన కూర్చున్నాయన నోట్లో ఉంది.