తాడు లేని గంట

సాగరదుర్గం రాజుగారికి ఒక దేశదిమ్మరి చిత్రకారుడు ఓ పటం ఇచ్చి వెళ్లాడు. సముద్రపుటొడ్డున తెల్లని చర్చి, పైన తెరిచిన గోపురంలో గంట, కదలని నీళ్లు. చూడటానికి ఎంతో ప్రశాంతం. కానీ దాని ముందు రెప్ప వేయక నిలబడ్డవాడల్లా మాయమయ్యేవాడు. ఆ నీళ్ల మీద కొత్త పడవొకటి తేలేది. కాలిస్తే లోపలివాళ్లూ కాలిపోతారని రాజుగారికి భయం.

చేపలివ్వడానికి కోటకు వెళ్లిన దావీదూ అలాగే పోయాడు. అతని పడవ రోజుకో వేలెడు పటం అంచువైపు జరుగుతోంది. అంచు దాటిన పడవలు మళ్లీ కనిపించలేదు. ఇంకొక్క వేలెడే మిగిలిన రోజున అతని కూతురు ఎస్తేరు కోటకు వచ్చింది. పీచు తాళ్లు పేనే ఆ పిల్లకు, పండితులు నెలల తరబడి చూసినా అంతుచిక్కనిది ఒక్క చూపులో తెలిసింది. పండితులు ఏనాడైనా తాడు పేనితే గదా!

"గంటకు తాడు లేదు మారాజా. మా ఊళ్లో ఆఖరి పడవ ఒడ్డుకి తగిలేదాకా గంట కొడతారు. ఇది మోగకపోతే ఆళ్లకి ఒడ్డెటో ఎలా తెలుస్తాది?"

ఒడినిండా పీచు నింపుకుని, పటం ముందు రెప్ప వేయకుండా నిలబడింది.

లోపల గాలి లేదు, అల లేదు. ఇసుక మీద బూడిదరంగు కొంగ మెల్లగా చెప్పింది: "గంట మోగేదాకా నోరు తెరవకమ్మా. నేను తెరిచే ఇలా అయ్యాను."

ఎస్తేరు చర్చి మెట్ల మీద కూర్చుని తాడు పేనసాగింది. ఇంతలో నీళ్లలోంచి నాన్న గొంతు వినిపించింది.

"ఎస్తేరూ, మునిగిపోతన్నానే. ఒక్కసారి పలకవే."

ఆమె నోరు తెరవబోయింది. కానీ నాన్న ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు, బుజ్జమ్మా అనేవాడు. పెదవి కొరుక్కుని పేనుతూనే ఉంది. నీళ్లు నల్లబడి, ఒక్కో మెట్టూ ఎక్కి రాసాగాయి.

కొసకు ఉచ్చు వేసి పైకి విసిరింది. జానెడు తక్కువైంది. పీచు అయిపోయింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. ఆమె కత్తి తీసి తన జడ కోసి, తాడుకు కలిపి పేని మళ్లీ విసిరింది. ఈసారి ఉచ్చు గంట నాలుకకు తగులుకుంది. ఆమె బలంగా లాగింది.

గంట మోగింది. నల్లని నీళ్లు కేక పెట్టి వెనక్కి పోయాయి. అంచు దాటబోతున్న దావీదు పడవతో సహా పడవలన్నీ ఒడ్డువైపు తిరిగాయి. కొంగ ముసలి పడవవాడైంది. క్షణంలో అందరూ తడిబట్టలతో రాజసభలో నిలబడ్డారు.

"బుజ్జమ్మా, నీ జడేదే?" అన్నాడు దావీదు. అప్పుడు ఏడ్చింది ఎస్తేరు.

రాజుగారు ఆమెను రేవుకు పెద్దను చేసి, పటాన్ని కాల్చేయమన్నారు.

"వద్దు మారాజా. ఆఖరి పడవ ఇంకా రాలేదు," అంది ఎస్తేరు.

పటాన్ని ఆమె ఊరి చర్చిలోనే పెట్టారు. అందులో గంటకు ఇప్పుడు తాడుంది. పైనంతా పీచు రంగు, కింది కొస నలుపు. ఊరి గంట మోగినప్పుడల్లా ఆ నల్లని కొస ఊగుతుంది. ఈమధ్యనే పటం అంచులోంచి ఒక పడవ ముక్కు ఇటు తొంగి చూసిందట.