ఏడో తల్లి భయం

మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు! మనిషి నీడ మనిషి పాదాల కిందే ముడుచుకుని దాక్కునే భయంకర ముహూర్తం! క్షుద్రశక్తులు అర్ధరాత్రే తిరుగుతాయనుకోవడం పిచ్చితనం... చీకట్లో అయితే మనమే జాగ్రత్తగా ఉంటాం. నడినెత్తిన సూర్యుడుండగా వెనక్కి తిరిగి చూసుకునేదెవరు?

చుట్టూ వంద కిలోమీటర్ల మేర ఒక్క ఇల్లు కూడా లేని రహదారి. దాని పక్కన ఒక పెట్రోలు బంకు. బంకును ఆనుకుని చిప్సు పొట్లాలు, గాలిబుడగలు, ప్లాస్టిక్ బొమ్మలు అమ్మే చిన్న దుకాణం. దుకాణం వెనుక ఖాళీ అట్టపెట్టెలు పడేసే గది... ఆ గదిలో, ఒక పెట్టె మీద, నల్లదారం చుట్టిన నరకపాలం!

దాని ముందు కూర్చున్నవాడు దుకాణదారు. లోకానికి వాడు నవ్వుముఖం ముసలివాడు. నిజానికి ఘోర క్షుద్రోపాసకుడు! వాడి వయసెంతో వాడికే గుర్తులేదు. పసిబిడ్డ ఒంటిమీది గుడ్డను సంపాదించి, ఆ బిడ్డ గొంతును కపాలంలో బంధించి, బిడ్డ కోసం తల్లి పడే భయాన్ని అందులోనే పట్టి తాగడం... అదీ వాడి విద్య! అప్పటికి ఆరుగురు తల్లుల భయం తాగాడు. ఏడో తల్లిది కూడా ఈ రోజు పొద్దు వాలేలోగా దొరికిందా... ఇక వాడికి మరణమే లేదు!

మబ్బుతునక లేని ఆకాశంలో ఫెళఫెళమని ఉరుము! దుకాణం రేకుల మీద, పట్టపగలు, గుడ్లగూబ కూత! సరిగ్గా అప్పుడే ఒక పాత తెల్లకారు వచ్చి ఆగింది.

నడుపుతున్నది ఒక తల్లి. పక్కసీట్లో మనిషి లేడు. పాలసీసాలు, తడిగుడ్డలు, జ్వరం మందు, వాంతి సంచులు, అవి చాలకపోతే ఇంకొన్ని సంచులు ఉన్నాయి. వెనక ఐదేళ్ళ కూతురు. అది మాట్లాడే తీరు చూసి అందరూ వాగుడుకాయ అంటారు. దాని పక్కన ఏడాదిన్నర చంటాడు. భర్త దూరాన రేవులో క్రేను నడుపుతాడు. రెండేళ్ళ తరవాత అక్కడ ఇల్లు దొరికింది. మూటలూ పిల్లలూ వేసుకుని రెండు రోజుల దారి ఒంటరిగా బయల్దేరింది ఆ తల్లి. తెల్లవారినప్పటి నుంచి ఆమెతో మాట్లాడిన పెద్దవాళ్ళు ఒక్కరూ లేరు.

భయం ఆమెకు పుట్టుకతో వచ్చింది కాదు, పురిటితో వచ్చింది. తాడును చూసి పామనుకునే రకం కూడా కాదు. పాము కరిచేసింది, ఇప్పుడు ఆసుపత్రి ఎంత దూరం అని లెక్కవేసే రకం.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?"

"ఇప్పుడేగా అడిగావే!"

"అది అప్పటి ఎంతసేపు. ఇది ఇప్పటి ఎంతసేపు," అంటూనే వాగుడుకాయ భళ్ళున వాంతి చేసుకుంది.

తల్లి దాన్ని దింపి, మూతి కడిగి, గౌను మార్చింది. ముసలివాడు నీళ్ళ సీసా పట్టుకుని నవ్వుతూ వచ్చాడు.

"ఎండకి తిప్పిందిలే తల్లీ. ఆ గౌను ఇటు పడెయ్, నేను పారేస్తా."

"వద్దులెండి బాబాయ్‌గారూ. సంచిలో కట్టి పట్టుకెళ్తా. ఉతికితే పోతుంది."

"ఆ కంపుకి చంటోడూ మొదలెడతాడు. వాడి వెనకే నువ్వు. ఇక కారెవరు నడుపుతారు, నేనా?"

ఆమె నవ్వింది. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. పెద్దవాళ్ళ గొంతు విని ఎంతసేపయిందో! ఆ ఒంటరితనమే ఆమె చెయ్యి చాపించింది... గౌను ఇచ్చేసింది! అయ్యో తల్లీ!

కారు కదిలింది. ఐదు నిమిషాలు... పది నిమిషాలు... వెనక నిశ్శబ్దం. మొదట హాయిగా అనిపించింది. ఏ తల్లికైనా అనిపిస్తుంది. ఆ తరవాత అద్దంలోకి చూసింది.

కూతురి కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడటం లేదు! పెదవులు ఎవరో లోపలి నుంచి కుట్టేసినట్టు బిగుసుకున్నాయి!

"ఏంటమ్మా? మళ్ళీ తిప్పుతోందా? ఏదో ఒకటి అడుగు తల్లీ... ఎంతసేపని అడుగు, చెప్తాను!"

ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఆమె కారు పక్కకు ఆపి, భర్తకు ఫోన్ చేసింది.

"పైన ఉన్నానే, గాలి ఎక్కువగా ఉంది. తొందరగా చెప్పు."

"పిల్ల మాట్లాడటం లేదండీ!"

అవతల నవ్వు. "అది నోరు మూస్తే సంతోషించక ఏడుస్తావేంటి? పడుకునుంటుంది."

"కళ్ళు తెరిచే ఉన్నాయి!"

"నీకెప్పుడూ ఏదో ఒకటి. కాసిని నీళ్ళు పట్టు, సాయంత్రం..."

ఫోన్ తెగిపోయింది. మళ్ళీ కలవలేదు.

అప్పుడు... కూతురి నోరు మెల్లగా తెరుచుకుంది! ఆ లేత గొంతులోంచి, తుప్పుపట్టిన తలుపు తెరిచినట్టు, ముసలిగొంతు పలికింది!

"గౌను నా దగ్గరుంది... గొంతూ నా దగ్గరే ఉంది... వెనక్కి రా! ఒంటరిగా రా!"

చంటాడు కెవ్వున కేక పెట్టాడు. కారు గిర్రున వెనక్కి తిరిగింది.

ఒంటరిగా రమ్మన్నాడు గానీ, పెనంలా కాలే కారులో పిల్లల్ని వదిలి వెళ్ళే తల్లా ఆమె? చంటాణ్ణి చంకనేసుకుంది. బొమ్మలా నడుస్తున్న కూతురి చెయ్యి పట్టుకుంది. దుకాణం వెనక గదిలో అడుగుపెట్టింది.

ధనామని తలుపు మూసుకుంది! దీపపు వెలుగులో కపాలం... దాని మెడ ఉండాల్సిన చోట కూతురి గౌను! దవడల లోపల ఆరు చిన్ని గొంతులు సన్నగా, ఆగకుండా... "అమ్మా... అమ్మా..."

"గొంతు కావాలా? అయితే దీని కళ్ళలోకి చూడు!" మాంత్రికుడు వికటంగా అరిచాడు. "నీ బిడ్డకేమవుతుందో చూడు! చూసి ఏడువు! ఆ భయం నాకియ్యి, గొంతు పట్టుకుపో!"

అబద్ధం! వాడు ఆరింటిలో ఒక్క గొంతునూ తిరిగివ్వలేదు!

ఆమె చూసింది. ఆ శూన్యనేత్రకుహరాలలో దావానలంలా దృశ్యం రగిలింది! ఎదురుగా దూసుకొచ్చిన లారీ... నుజ్జయిన తెల్లకారు... రోడ్డు మీద ఒంటికాలి చిన్న చెప్పు! ఆరుగురు తల్లులూ సరిగ్గా ఇక్కడే కుప్పకూలారు.

ఈమె గడగడ వణికింది. కన్నీళ్ళు ధారగా కారాయి. కానీ కూలలేదు.

"ఇది పొద్దున ఏడున్నరకే చూశాను," అంది.

మాంత్రికుడు తెల్లబోయాడు. "ఏమిటీ?"

"వంతెన దగ్గర. ఆ లారీది పసుపు రంగు. వంతెన దాటాక ద్రాక్షపండు గొంతుకడ్డం పడింది. తరవాత బెల్టు మెడకి చుట్టుకుంది. టైరు పేలింది. తాళంచెవి, పిల్లలు లోపలుండగా కారు తలుపులకు తాళం పడిపోయింది. చంటాణ్ణి బంకులో మరిచిపోయి ముప్పై కిలోమీటర్లు వెళ్ళిపోయాను..."

ఒక్కొక్క మాటా నల్లటి ధారగా కపాలంలోకి దూకసాగింది! మాంత్రికుడు మొదట ఆబగా తాగాడు. రెండు గుక్కలకే పొలమారింది. కపాలం నిండింది... పొంగింది... కుతకుత ఉడికింది!

"చాలు!"

"ఇవి ఈ ప్రయాణానివే! ఇల్లు విడవకముందువి వేరే ఉన్నాయి. దానికి పదిహేనేళ్ళొచ్చాక జరిగేవి ఉన్నాయి. నేను పోయాక జ్వరమొస్తే దాని నుదుటి మీద చెయ్యేసేదెవరు? చెప్పు!"

"ఆపవే! ఆపు తల్లీ... నీకు దణ్ణం పెడతా!"

"ఆపడం చేతనయితే ఎప్పుడో ఆపేదాన్ని! ఐదేళ్ళుగా ఒక్కరూ వినలేదు. నువ్వే అడిగావు... విను!"

ఫట్! కపాలం వెయ్యి వక్కలైంది! ఆ మహాభయం కాలకూటంలా ఎగసి మాంత్రికుడి మీద పడింది! ఎవరి కోసమూ ఒక్క రాత్రి మేలుకోని గుండె వాడిది. అరువు భయాన్ని గుక్కెడు తాగగలడు గానీ, సముద్రాన్ని మోయగలడా? వాడి నోరు తెరుచుకుంది, అరుపు రాలేదు. వేళ్ళు, చేతులు, ముఖం... పిడికెడు బూడిదై అట్టపెట్టెల మీద రాలిపోయాయి!

ఆరు గొంతులు గాలితెరల్లా తలుపు సందులోంచి వెళ్ళిపోయాయి. ఎక్కడెక్కడో ఆరు ఇళ్ళలో మూగబోయిన ఆరుగురు పిల్లలు నోరు విప్పారు. ఎందుకో ఆ తల్లులకు ఎప్పటికీ తెలియదు.

"అమ్మా," అంది కూతురు కళ్ళు నులుముకుంటూ, "ఆ తాత ఏడీ? నువ్వు తిట్టావని పారిపోయాడా?"

తల్లి దాన్ని ఊపిరాడకుండా హత్తుకుంది.

మళ్ళీ రహదారి. పిల్లలిద్దరూ నిద్రపోయారు. జరిగింది చెప్పుకోవాలంటే ఎవరికి? చెబితే మాత్రం నమ్మేదెవరు? అన్నిటికన్నా వింత... ఆమె గుండె కడిగిన గిన్నెలా ఖాళీగా ఉంది. ఒక్క భయమైనా లేదు! భర్త లేని ఇంట్లో, పిల్లలు పడుకున్న రాత్రుల్లో ఆమెకు తోడున్నది అదొక్కటే. ఇప్పుడు అదీ లేదు. ఎటు చూసినా ఎండ, మైదానం, సూటిగా సాగిన దారి. ఇంత ఒంటరితనం ఆమె ఎన్నడూ ఎరగదు.

పన్నెండు కిలోమీటర్లు అలాగే నడిపింది.

దూరాన మలుపులో రోడ్డు తడిగా మెరిసింది. ఎండమావే. కానీ... నూనె ఒలికిందేమో? చక్రం జారితే? పక్కన ఎంత లోతుందో?

కాలు తనంతట తానే బ్రేకు మీదికి వెళ్ళింది. ఆమె కళ్ళు నిండాయి.

"వచ్చావా?" అంది మెల్లగా, పిల్లలు లేవకుండా. "రా, ఎక్కు."