రేకుల వెనక గోడ

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఓనరు కారు దిగి, తన బిల్డింగును తానే గుర్తుపట్టలేకపోయాడు.

కూడలి వైపు పైనుంచి కిందిదాకా మెరుస్తూ ఉండే అల్యూమినియం రేకులు మాయమయ్యాయి. వాటి స్థానంలో సముద్రపు రంగు పింగాణీ పలకలు తాపిన గోడ ఒకటి, మూల దగ్గర మెత్తగా వంపు తిరిగి ఎండలో నిలబడి ఉంది. పొడవాటి కిటికీల వరసలు. వాటి మీద కనురెప్పల్లా సన్నటి సిమెంటు ఛజ్జాలు. వాకిలి పక్కన సిమెంటులో పోతపోసిన ఒక పేరు.

అది ఓనరు పేరు కాదు. పోయిన అన్నగారి పేరు.

ఓనరుకి చెమటలు పట్టాయి. రేకులు పోయినందుకు కాదు. సాయంత్రం నాలుగింటికి పాత కట్టడాల కమిటీ ఇంజనీరమ్మ వస్తోంది. ఈ గోడ అసలుదని ఆవిడ తేల్చిందంటే బిల్డింగును కూల్చడానికి ఇక వీల్లేదు. కూల్చి పాతిక అంతస్తులు లేపుతామన్న కంపెనీ వచ్చిన దారినే పోతుంది. చేతికందిన బేరం నీళ్ళపాలవుతుంది.

వెంటనే డిటెక్టివ్‌కి ఫోను వెళ్ళింది.

ఆయన్ని ఊళ్ళో అంతా భూతద్దం అంటారు. ఆయన చేతిలో భూతద్దం ఎవరూ చూడలేదు. కళ్ళజోడే అంత మందం.

"నాలుగులోగా దొంగ దొరకాలి," అన్నాడు ఓనరు. "కొత్త టైల్స్ అతికించి గోడని డూప్లికేట్ చేశానని వాడి నోటితోనే ఇంజనీరమ్మకి చెప్పించాలి."

"అతికించారని మీకెలా తెలుసు?"

"రేకుల ఫ్రేము కోసం నేనే బోల్టులు దింపించాను కదండీ! బోల్టు దిగిన చోటల్లా పలక పగిలింది. ఇప్పుడు చూడండి, ఒక్క చిల్లయినా ఉందా?"

భూతద్దం నిచ్చెన వేయించుకుని ఎక్కాడు. చిల్లు లేదు. కొన్ని పలకల చుట్టూ సిమెంటు కొత్తది. తడిగుడ్డ అడిగి తుడిచాడు. పాత పలకల మీద నీరు పరుచుకుంది. కొత్తగా పెట్టినవాటి మీద బొట్లుబొట్లుగా నిలిచింది. వేలితో రాసి వాసన చూశాడు. కిందికి దిగాడు.

వాచ్‌మన్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఎప్పుడు ఊడదీశారు?"

"నిన్న సార్. పొద్దున మొదలెట్టి సాయంత్రానికి కానిచ్చేశారు."

"పట్టపగలా?"

"అవున్సార్. పరంజా కట్టారు, హెల్మెట్లు పెట్టుకున్నారు. ఎండలో కష్టపడుతున్నారు కదాని టీ కూడా ఇప్పించాను."

"బాగానే ఉంది మర్యాద! వాళ్ళని ఎవరు రానిమ్మన్నారు?"

"ఇంటర్‌కంలో చెప్పారు సార్. గరగరలో గొంతు ఎవరిదో తెలీలేదు. ఓనరుగారి తరఫునన్నారు. ఆయనలాగే కసిరారు, దాంతో అనుమానం రాలేదు."

ఇంటర్‌కం బయటినుంచి మోగదు. అంటే మనిషి లోపలే ఉన్నాడు. ఆదివారం లోపల ఉన్నది ముగ్గురే.

మూడో అంతస్తులో టైలర్. ఖాళీ చెయ్యమంటే ఓనరు మీద కోర్టుకెక్కినవాడు.

"ఓనరంటే కోపమా?"

"లేకపోవడమా! ఆయన మెడ కొలిచినప్పుడల్లా టేపు ఇంకాస్త బిగిద్దామనిపిస్తుంది. కానీ నిచ్చెనంటే నాకు కళ్ళు తిరుగుతాయి సార్. ఇంక పలకలు తాపడమొకటా!"

లిఫ్టు ఆపరేటర్ ఆ లిఫ్టుతోపాటే ముసలివాడైనవాడు. పైకి తీసుకెళ్తూ తనంతట తనే చెప్పాడు.

"ఇదంతా పెద్దయ్యగారు గీసిందే సార్. యుద్ధమయ్యాక ఇనుము ఎక్కడా దొరకలేదు. బాంబు పడి కూలిన వంతెన ఇనుము ఏరి తెచ్చి ఆ మూల వంచారు. చిన్నయ్యగారికి పాతవాసన పడలేదు. రేకులు కొట్టించేశారు."

"అప్పటికి పెద్దాయన పోయారా?"

"అది అమ్మగారినే అడగండి సార్." లిఫ్టు ఆగింది.

డాబా మీది ఫ్లాటులో పెద్దాయన భార్య ఉంటుంది. ఓనరుకి వదిన. తలుపు తీసే ఉంచింది.

"రండి. మీకోసమే చూస్తున్నాను."

"మీ మరిదిగారి మీద కోపం ఉందా అమ్మా?"

"కోపం నాలుగు రోజులుండి పోతుంది నాయనా. నాది కక్ష." ఆవిడ గోడవారనున్న మంచం చూపించింది. "ఆయన ఈ మంచం మీదే ఉన్నారు. కింద డ్రిల్లింగు మొదలైంది. గోడలన్నీ అదురుతున్నాయి. ఏంటా చప్పుడని అడిగారు. రోడ్డు తవ్వుతున్నారన్నాను. తను కట్టిన గోడ చప్పుడు ఆయనకి తెలీదా? అటు తిరిగి పడుకున్నారు. మళ్ళీ ఇటు తిరగలేదు."

భూతద్దం కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కాసిని మంచినీళ్ళు..."

"వంటింట్లో ఉన్నాయి. మీరే ముంచుకోండి."

ఆయన వెళ్ళాడు. నీళ్ళు తాగడానికి పట్టేదానికన్నా ఎక్కువసేపే ఉన్నాడు. తర్వాత సెల్లారుకి దిగాడు.

నాలుగింటికి అందరూ కింద హాల్లో చేరారు. మొజాయిక్ నేల మీద ఇంజనీరమ్మ నిలబడి, వంపు తిరిగిన మెట్ల ఇత్తడి కమ్మీని నిమురుతోంది.

"చెప్పండి! డూప్లికేటేనా కాదా?" ఓనరు తొందరపెట్టాడు.

"కొన్ని పలకలు నిన్న పెట్టినవే," అన్నాడు భూతద్దం.

ఓనరు ముఖం వెలిగిపోయింది. ఇంజనీరమ్మ ముఖం ముడుచుకుంది.

"కానీ వాటికి జిడ్డుంది. నూనె జిడ్డు. రోడ్డు వైపు గోడ మీద ఎవరు వంట చేస్తారు? అవి ఏళ్ళ తరబడి పొయ్యి వెనక ఉన్న పలకలు. టైలర్ కొట్లో పొయ్యి లేదు. ఆపరేటరుది బస్తీలో రేకుల ఇల్లు. డాబా మీద వంటింట్లో మాత్రం పొయ్యి వెనక గోడంతా బోసిగా ఉంది."

"వదినా! నువ్వా?"

కుర్చీలో కూర్చున్న ఆవిడ అవునన్నట్టు తలూపింది.

భూతద్దం జేబులోంచి రెండు పెంకులు తీశాడు. "ఇది మీ బోల్టు దెబ్బకి పగిలిన పలక. సెల్లార్లో చెత్తలో దొరికింది. ఇది ఆవిడ వంటింట్లో మిగిలిన ముక్క. రెండింటి వెనకా ఓడ ముద్రే. ఒకే ఫ్యాక్టరీ, ఒకే రంగు. గోడ కట్టగా మిగిలినవి పెద్దాయన తన వంటింటికి వేసుకున్నారు."

ఇంజనీరమ్మ పెంకులు తిప్పి చూసింది. "అయితే గోడ పూర్తిగా అసలుదే. నా రిపోర్టు అలాగే వెళ్తుంది."

"నిన్ను పెట్టుకున్నది ఇందుకా?" ఓనరు అరిచాడు.

"దొంగని పట్టుకోమన్నారు. పట్టుకున్నాను."

"అయితే పోలీసుల్ని పిలవండి!"

"ఏం పోయిందని రాయిస్తారు? మీ రేకులు మీ సెల్లార్లోనే ఉన్నాయి, సైజులవారీగా పేర్చి. ఆ ఫ్లాటు ఆవిడది, పలకలూ ఆవిడవి. ఆవిడే మీ గోడకి ఇచ్చారు."

ఓనరు మెట్ల మీద కూలబడ్డాడు.

వదిన లేచి వచ్చి అతని ముందు నిలబడింది.

"మరిదీ, నా వంటింటి గోడ మొండిగా ఉంది. ఒక రేకు పైకి పట్టుకురా. మనుషుల్ని పంపకు. నువ్వే వచ్చి బోల్టులు దింపు. నేను ఆయన మంచం మీద పడుకుని ఆ చప్పుడు వింటాను."