ఆ పొద్దు నేల పొడిగా ఉంది

వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై ఆరు, మార్చి నెల, హోళీ పండుగ వెళ్లిన తరువాతి ఆదివారం. వరంగల్లు బజారులోని ఒక నూనె దుకాణం వెనుక, ఇంటి వాకిట్లో, ఆ ఉదయం ఉన్నవారు నలుగురు. దుకాణం యజమాని వీరభద్రం అరుగు మీద పీట వేసుకుని కూర్చున్నాడు. ఆయన భార్య చిలుకమ్మ కొత్త చింతపండులో గింజలు తీస్తున్నది. కొడుకు కిషన్ గోనెపట్టా మీద మోకాళ్లూని, ఒక పాత మోటారు సైకిలు పొట్ట కిందికి తొంగి చూస్తున్నాడు. కోడలు శారద ముగ్గుపిండి డబ్బా పట్టుకుని అతని పక్కన నిలబడి ఉంది. నలుగురు ఉన్నారన్న మాటే గాని, తండ్రికీ కొడుక్కీ మధ్య మాట లేక ఏడాది దాటింది.

తాతలనాటి దుకాణం ఉండగా కిషన్ కాజీపేట లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా చేరాడు. పదిమందికి నూనె కొలిచిపోసే ఇంటి పిల్లవాడు ఇంజను కడుపులోకి పారతో బొగ్గు ఎగదోస్తున్నాడని బజారు నవ్వింది. ఆ నవ్వు వీరభద్రం గుండెలో ముల్లై దిగింది. ఆ రోజు నుంచి ఆయన కొడుకుతో ఏం చెప్పదలచినా కోడలితోనే చెబుతాడు. కొడుకూ అంతే.

"అమ్మా శారదా, జర నీ మొగనికి చెప్పు," అన్నాడు వీరభద్రం, వాకిట్లో నల్లగా అంటుకున్న మరకను చూస్తూ. "నూనె దుకాణపోల్ల వాకిట్ల నూనె నేలపాలైతాంటే సూసెటోల్లు ఏమనుకుంటరు? ఇంటి లచ్చిమి కారిపోతాందని అనుకోరూ?"

కిషన్ తల ఎత్తలేదు. "శారదా, మీ మామకు చెప్పు. ఇది పల్లినూనె కాదు, ఇంజన్ నూనె. దీన్ని కొలిచి అమ్ముకునే లచ్చిమి ఎవ్వలింట్ల లేదు."

చిలుకమ్మ చింతగింజను గిన్నెలోకి విసిరింది. "ఇద్దరి నడుమ ఆ పిల్ల తపాలా బంట్రోతు అయింది. జీతమన్నా ఇయ్యరైతిరి."

శారద పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ మోటారు సైకిలును కిషన్ బదిలీ మీద పోతున్న ఒక రైల్వే ఉద్యోగి దగ్గర కొన్నాడు. దానితో పాటు అట్టలూడిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి వచ్చింది. నిప్పుల ముందు పార ఆడించడం తెలుసు గాని, మర విప్పి బిగించడం అతనికి ఇదే మొదలు. ఏ మర ఎక్కడిదో మరిచిపోతానన్న భయంతో, ఊడదీసిన ప్రతిదాన్నీ పెళ్లినాటి తాంబాళంలో వరుసగా పేర్చుకున్నాడు. ఒక్కొక్క వాక్యాన్నీ వేలు పెట్టి చదువుకుని, కళ్లు మూసుకుని మననం చేసుకుని, తరువాతనే పానా పట్టాడు.

నూనె ఎక్కడినుంచి వస్తున్నదో తెలుసుకోవడమే ముందు పని. ఇంజనంతా జిడ్డుగా ఉంటే తడి ఎక్కడ పుట్టిందో కనబడదు. అందుకని దీపాలకు పోసే గ్యాసునూనెతో కడిగి, గుడ్డతో ఆరదుడిచాడు. దాని మీద శారద ముగ్గుపిండి చల్లింది. కిక్కు కొట్టి ఇంజనును కొంతసేపు నడవనిస్తే, ఎడమవైపు మూత అతుకు వెంట తెల్లని పిండి మీద సన్నని నల్లని గీత పాకింది.

"దొరికింది దొంగ!" అన్నాడు కిషన్.

మూత విప్పి చూస్తే, రెండు ఇనుపముక్కల నడుమ ఉండవలసిన ప్యాకింగు కాగితం పొడిపొడిగా రాలింది. కిందటేటి క్యాలెండరు అట్టను మూత ఆకారానికి కత్తిరించి, నూనెలో నానబెట్టి, కొత్త ప్యాకింగు చేశాడు. మూత పెట్టి, ఒక మర బిగించిన తరువాత పక్కదాన్ని గాక ఎదుటిదాన్ని బిగించాడు. అప్పుడే ఒత్తిడి అంతటా సమంగా పడుతుందని పుస్తకంలో ఉన్నది. సాయంత్రానికి పని ముగిసింది. మళ్లీ ముగ్గుపిండి చల్లి చూస్తే అతుకు వెంట పిండి చెక్కుచెదరలేదు. అయితే ఇంజను అడుగున వేలాడే సన్నని గొట్టం చివర ఒక చుక్క ఊరి, సాగి, నేల మీద పడింది.

"ఇంకా కారుతాంది గదయ్యా," అంది శారద నీరసంగా.

"అది కారుడు కాదే. దాని ఊపిరి. లోపలి గాలి బయటికి పోవాలె గదా, పోయెటప్పుడు చుక్క పట్టుకస్తది. దాన్ని ముట్టద్దని పుస్తకంల రాసుంది."

అరుగు మీది వీరభద్రానికి ఈ మాటలు స్పష్టంగానే వినిపించాయి. అవి ఓడినవాడు చెప్పే సాకులుగా తోచాయి ఆయనకు. ఊపిరైతే నూనె ఎందుకు కక్కుతుంది? మూస్తే ఏమవుతుందని ఒక్క ప్రశ్న అడిగితే సరిపోయేది. కాని అడగడానికి వారి మధ్య మాట లేదు. కోడలిని పిలిచి అడిగించవచ్చు. కొడుకు పని ఆసక్తిగా గమనిస్తున్నానని బయటపడటం ఆయనకు ఇష్టం లేకపోయింది.

నిజానికి ఆయన పొద్దుటినుంచి కొడుకు చేతులనే చూస్తున్నాడు. ఆ చేతులు ఓపికగా పనిచేస్తుంటే ఆయనకు లోలోపల ముచ్చట వేసింది. అంత పనీ చేసిన పిల్లవాడు చివరి చుక్క దగ్గర ఓడిపోవడం చూడలేకపోయాడు.

దుకాణంలో నూనె డబ్బా కారితే ఏం చేయాలన్నది ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య. బట్టసబ్బును మెత్తగా తురిమి, కాస్త సున్నం, కాస్త దూది కలిపి పిసికితే, ఆ ముద్ద ఎంతటి చిల్లినైనా పట్టి ఉంచుతుంది. కిషన్ జిడ్డు చేతులు కడుక్కోవడానికి బావి దగ్గరికి పోగానే వీరభద్రం అరుగు దిగాడు. గొట్టం చివరను పంచె కొసతో తుడిచి, సబ్బుముద్దను వేలితో లోపలికంటా కూరి, బొటనవేలితో నొక్కి సమం చేశాడు. వంగి చూస్తే తప్ప అది కనబడదు. చేతులు దులుపుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి పీట మీద కూర్చున్నాడు.

మరునాడు పొద్దున్నే వాకిట్లో కిషన్ కేక వినిపించింది.

"శారదా! అమ్మా! ఇటు రాండ్లి జర! ఒక్క చుక్క లేదు!"

అతను నేల మీద అరచెయ్యి ఆనించి, ఆ చేతిని ఎత్తి అందరికీ చూపించాడు. ముఖమంతా నవ్వు. చిన్నప్పుడు గాలిపటం ఎగిరితే ఇట్లాగే నవ్వేవాడు. ఆ సంబరంలో ఏడాది పంతం మరిచి, అరుగు వైపు తిరిగాడు.

"సూడు బాపూ! నా చేతులతోని నేనే చేసిన!"

వీరభద్రం పీట మీది నుంచి సగం లేచాడు. అది నీ గొప్ప కాదురా, నా సబ్బుముద్ద అనే మాట నాలుక దాకా వచ్చింది. ఆ నవ్వును ఆర్పడానికి మనసొప్పలేదు. "ఊపిరి గొట్టం సుత ఆరిపోయిందా?" అని ఆశ్చర్యపోవలసిన కొడుకు ఆనందంలో ఆ సంగతే ఆలోచించలేదు.

"సూసిన బిడ్డా. మంచిగ చేసినవ్," అన్నాడు తండ్రి.

చిలుకమ్మ కళ్లు తుడుచుకుంది. కిషన్ సద్దిగిన్నె తగిలించుకుని, మోటారు సైకిలు ఎక్కి కాజీపేటకు వెళ్లిపోయాడు.

రైలు వంతెన దిగే మలుపులో బండి వెనుకచక్రం జారిందని, కింద పడిన కిషన్ కాలి మీదుగా లారీ చక్రం ఎక్కిందని మధ్యాహ్నానికి కబురు వచ్చింది.

మరునాడు మోటారు సైకిలును ఎడ్లబండి మీద వేసుకుని వచ్చి, అదే వాకిట్లో దించిపోయారు. ఇంట్లో ఆడవాళ్లు దవాఖానలో ఉన్నారు. వీరభద్రం ఒక్కడే దాని చుట్టూ తిరిగాడు. వెనుకచక్రం నిండా నూనె. ఎడమ మూత అతుకు నుంచి క్యాలెండరు అట్ట నాలుకలాగా బయటికి తోసుకుని వచ్చి వేలాడుతున్నది. మరలు మాత్రం బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఆయన నేల మీద కూర్చుని, తల వంచి, అడుగున చూశాడు. సబ్బుముద్ద బిగుసుకుని రాయిలా ఉంది. తన బొటనవేలి గుర్తు దాని మీద ఇంకా చెరిగిపోలేదు.

నిండు డబ్బాకు మూత బిగించి ఎండలో పెడితే, లోపలి ఆవిరి దారిలేక అతుకును చీలుస్తుందని ఆయనకు తెలుసు. పనిలో చేరిన ప్రతి గుమాస్తాకూ ఆయనే చెబుతాడు. ఎవ్వరూ వివరించనక్కరలేకపోయింది. పంచె కొంగు నోట్లో కుక్కుకుని, ఆ బండి పక్కనే చాలాసేపు కూర్చుండిపోయాడు.

దవాఖానలో కాలు నల్లబడింది. మోకాలి పైనుంచి తీసివేయాలనీ, ఆలస్యమైతే విషం ఒళ్లంతా పాకుతుందనీ, తాము మనిషి మీద ఆశ వదులుకోవలసి వస్తుందనీ పెద్ద డాక్టరు చెప్పాడు. ఒప్పుకుంటూ కిషన్ సంతకం చేయాలి. అతను చేయనన్నాడు. చిలుకమ్మ ఏడ్చింది, శారద బతిమాలింది. అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వీరభద్రం వచ్చేసరికి మంచం పక్కన కంపౌండరు కాగితం పట్టుకుని విసుగ్గా నిలబడి ఉన్నాడు.

"సంతకం పెట్టు బిడ్డా," అన్నాడు వీరభద్రం.

"పెట్ట." జ్వరంతో కిషన్ పెదవులు చీలి ఉన్నాయి. "కాలు లేనోన్ని ఇంజన్ మీదికి ఎవడు ఎక్కిస్తడు? నువ్వు కోరుకున్నదే అయితాంది గదా బాపూ. తెచ్చి డబ్బాల నడుమ గద్దె మీద కూసోబెట్టుకుంటవ్. సచ్చెదాంక నూనె కొలుసుకుంట ఉండాలె. గంతకన్న పోవుడే నయం."

"గట్లనకురా!" అని చిలుకమ్మ నోరు మూయబోయింది.

"అననీయే అమ్మా. తప్పు నాదే. పడ్డప్పుడు సూసిన, చక్రమంత నూనెనే. ఒక్క మూత బిగించ చాతకాని చేతులకు ఇంజన్ ఎట్లిత్తరు? నా చేతులే నన్ను ముంచినయి."

ఆ మాట వీరభద్రాన్ని నిలువునా కోసింది. తాను నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. కొడుకు మాత్రం చచ్చినా, బతికినా, తన చేతులను తానే తిట్టుకుంటూ ఉంటాడు.

"నీ చేతులకు ఏం కాలేదు," అన్నాడు. "నువ్వు బిగించింది మంచిగనే బిగించినవ్. మరలు ఇప్పటికీ కదల్లేదు. ఊపిరి గొట్టం మూసింది నేను. దుకాణంల డబ్బాకు పెట్టినట్టు సబ్బు పెట్టిన. గాలికి తొవ్వ లేక నీ ప్యాకింగును చీల్చుకుని పోయింది."

కిషన్ మెల్లగా తల తిప్పి తండ్రిని చూశాడు.

"ఎప్పుడు?"

"నువ్వు బాయికాడికి పోయినప్పుడు."

"పొద్దున నేను జూపిచ్చినప్పుడు... అప్పుడన్నా చెప్పద్దా?"

"నువ్వు నవ్వుతాన్నవ్." అన్నాడు వీరభద్రం. "మస్తు దినాలకు నా దిక్కు చూసి నవ్వినవ్. ఎట్ల చెప్పాలె?"

కిషన్ కళ్లు మూసుకున్నాడు. "పో," అన్నాడు. "నా ముందట నిలవడకు. పో."

వీరభద్రం కదలలేదు. అప్పుడు శారద లేచింది. ఆ ఇంట్లో ఆమె గొంతు పెంచి మాట్లాడటం అంతవరకు ఎవరూ వినలేదు.

"మామయ్యా, ఒక్క మాట అడిగితే ఆయన చెప్పకపోవునా, మూయద్దని? నువ్వన్నా, అయ్యా, మీ బాపుతోని సీదాగ మాట్లాడితే నీ నోట్ల ముత్యాలు రాలునా? ఏడాది సంది మీ ఇద్దరి మాటలు నేను మోసిన. ఇగ మోయ. కాలు ఎవల వల్ల పోయిందో మీరు ఇంట్ల కూసుండి, జీవితమంతా కొట్లాడుకోండ్లి. నాకు మాత్రం మనిషి కావాలె!"

ఆమె మంచం పట్టీ మీద తలపెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. కిషన్ చెయ్యి, మూసిన కళ్లతోనే వెతుక్కుంటూ పోయి ఆమె జుట్టు మీద ఆగింది. వరండాలో ఎవరో పసిపిల్లవాడు దగ్గుతున్నాడు.

కిషన్ కళ్లు తెరిచి అన్నాడు, "నేను గద్దె మీద కూసోను బాపూ."

"వద్దు. నేను అడుగనే అడుగ. రైల్వేలనే కూసుండి చేసే నౌకరి ఏదన్నా ఉంటది. షెడ్డు సాయెబు దగ్గరికి నేనే పోత. ఆయన కాళ్..." అని, ఆ మాట పూర్తిచేయలేక వీరభద్రం చప్పున ఆగిపోయాడు.

కిషన్ కళ్లలోంచి నీళ్లు చెవుల మీదికి జారాయి. "నిన్ను మాఫ్ చేసిన అని ఇప్పుడు చెప్పలేను బాపూ. అబద్ధమైతది."

"చెప్పకు బిడ్డా. తిట్టు. తిట్టుకుంట బతుకు."

"మాట్లాడుడు మాత్రం బందు పెట్టకు."

వీరభద్రం తల ఊపాడు.

"కాయిదం తేండ్లి," అన్నాడు కిషన్ కంపౌండరుతో.

శారద అతని వీపు కింద చెయ్యి వేసి కొంచెం లేపి పట్టుకుంది. చిలుకమ్మ గోడవైపు తిరిగింది. కిషన్ తన పేరును పూర్తిగా, ఒక్క అక్షరం వంకర పోకుండా రాశాడు. దాని కింద ఇంటివారొకరు సాక్షి సంతకం చేయాలన్నాడు కంపౌండరు. వీరభద్రం కలం అందుకున్నాడు. పేరు రాసి తిరిగి ఇవ్వబోతే, పేషెంటుకు ఏమవుతారో కూడా రాయమన్నాడు. ఆయన కాగితం మీదికి వంగి, కొడుకు పేరు పక్కన చోటు చూసుకుని, 'తండ్రి' అని రాశాడు. కంపౌండరు సిరా ఆరేదాకా ఊది, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, డాక్టరు గదివైపు నడిచాడు.