మా పిల్లలకే

సముద్రం ఊళ్లను మింగేశాక జనం నీటి మీదే కాపురాలు పెట్టారు. ఇళ్లకు పునాదుల్లేవు, లంగర్లున్నాయి. లేవగానే ఇల్లు నిన్న ఉన్నచోటే ఉందా అని చూసుకోవడం అలవాటైపోయింది. తూర్పుపేటకూ పడమటిపేటకూ మధ్య ఒకటే తాళ్ల వంతెన. రెండువేల తొంభైనాలుగులో ఉప్పుజ్వరం పిల్లల్ని పట్టుకుంది. పడవలో టీకా వచ్చింది. రెండు పేటలకూ సరిపడా వచ్చింది. సూదికి భయపడి వేయించుకునేవాళ్లే లేరు.

అందుకని డాక్టర్ హైమ మాటవలను తెచ్చింది. జల్లెడంత పలక అది. సంఘం వాళ్లు చుట్టూ కూర్చుని అరచేతులు ఆనించాలి. నోరు ఏమన్నా అననీ, ఏ మాటకు నాడి ఎగిరిందో, ఏ మాటకు కాలు కదలబోయిందో అందులోని సెన్సర్లు పట్టేస్తాయి. స్పర్శరేకులంటారు వాటిని. సంఘం మాటల్లోంచే చాటింపు అల్లి, దానికి నూటికి ఎందరు కదులుతారో చెబుతుంది. సంఘం ఔనంటేనే చాటింపు.

తూర్పుపేట వలల సంఘానికి పెద్ద కాసులమ్మ. ఆమె కూతురు బంగారి, మొగుడు పోయినా పడమటిపేటలో అత్తవారింటే ఉంది. బంగారికి ఒక్కతే పిల్ల, నాలుగేళ్ల ముత్తి. రెండు పేటలూ కదిలితేనే ఆ పిల్లకు సూది పడుతుందని కాసులమ్మ సంఘాన్ని కూర్చోబెట్టింది.

"మన పిల్లల్ని మనమే కాపాడుకుందాం," అంది డాక్టర్.

"నూటికి పదకొండు," అంది మాటవల.

"నా గుంటడు సచ్చిపోనాడు. మీ గుంటల్నైనా బతికించుకోండి," అన్నాడు ఎల్లాజీ. వాడి కొడుకు పోయి పది రోజులైంది.

"ఇరవై."

"సావుకి ఇరవయ్యేనేటే? సేపల కూర పెడతామంటే నూరూ వస్తారు," అందొకతె. అందరూ నవ్వారు. ఎల్లాజీ నవ్వలేదు.

"ఒక్క మాట మారుస్తాను," అంది మాటవల. "'మన' తీసేసి 'మా' పెడతాను. 'టీకా మా పిల్లలకే.' ఎదుటి పేటకు వినబడేలా చాటాలి. నూటికి తొంభైయేడు."

డాక్టర్ తల దించుకుంది. "'మన' అంటే వినేవాడూ లోపలే. 'మా' అంటే వాడు బయట. అది బాగుంటుందా, కాసులమ్మా?"

"గుంటలు బతకాల. ఏ మాటైతేనేటి?" అని కాసులమ్మ ఔనంది. తన గొంతుతోనే చాటింది. పడమటిపేట సంఘం ముందున్న మాటవల పలకా అదే మాట తేల్చింది. అవతలి నుంచి అదే చాటింపు తిరిగొచ్చింది.

మధ్యాహ్నానికి రెండు పేటల్లోనూ బారులు. తోపులాటలో ఒకడి చెయ్యి విరిగింది.

పొద్దువాలి బారులు తరిగాక బంగారి ముత్తిని చంకనేసుకుని వంతెన మీదకొచ్చింది. "అమ్మా, ఆళ్లు పొమ్మన్నారే! మొగుడు పోనాక నీకిక్కడేటి, మీయమ్మ పేటకి పో అన్నారు."

ఎల్లాజీ తెడ్డు అడ్డం పెట్టాడు. "ఆగు. పడమటోళ్ల గుంటకి ఇక్కడ సూదేటి?"

"ఒరే, అది మన పిల్లరా!" అంది కాసులమ్మ.

"'మన' ఏటప్పా? 'మా' అని సాటించినావు గదా!"

పిల్లలకు సూదులు వేయించేసిన ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. ఆ పొద్దున ఆమె పక్కన కూర్చుని అరచేయి ఆనించినవాళ్లే. డాక్టర్ సూది తీసుకుని వంతెన వైపు నడిచింది. నలుగురు ఆమె చేతులు వెనక్కి విరిచి పట్టుకున్నారు. మిగిలిన మందు సీసాల పెట్టెను ఎల్లాజీ ఎత్తి నీళ్లలోకి విసిరాడు.

"నా గుంటడికి దొరకనిది ఎవులికీ వొద్దు," అన్నాడు. ఒక్కరూ వాడిని తిట్టలేదు. వాళ్ల పిల్లలకు సూది పడిపోయింది.

ఇంకో పడవ వచ్చేసరికి తొమ్మిది రోజులు. వంతెన మీదే ఉండిపోయిన ముత్తికి మూడోనాడు జ్వరమొచ్చింది. ఆరోనాడు ఆ పిల్లను గుడ్డలో చుట్టి, రాయి కట్టి, సముద్రంలో దించారు. వంతెన మధ్య నుంచే దించారు. ఏ పేటా తన వైపు నీళ్లు ఇవ్వలేదు.

పదోనాడు డాక్టర్ మాటవలను లెక్క అడిగింది. కాసులమ్మ పక్కనే ఉంది.

"తూర్పుపేట, నూటికి నూరు. పడమటిపేట, నూటికి నూరు. టీకా పడని పిల్లలు లేరు. చాటింపు తరవాత పోయిన పిల్లలు లేరు."

"మరి మా ముత్తి?" అంది కాసులమ్మ.

"పేట పేరు చెప్పండి," అంది మాటవల.